‘నీకే ఏస్తం తియ్యి’ అన్న మాటను ఓటుగా రాసుకోకండి

పోటీ చేద్దామని నిర్ణయించుకున్నారు. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారో, మీరే ఒప్పించారో, మొత్తానికి ఆ గండం గడిచింది. మీది కరీమాబాద్ కావచ్చు, కాశీబుగ్గ కావచ్చు, కాజీపేట కావచ్చు. గల్లీలో నలుగురు “అన్నా, ఈసారి నువ్వే నిలబడాలె” అన్నారు. టీకొట్టు దగ్గర లెక్క కూడా తేలిపోయింది. మన వాడకట్టు ఎటూ మనదే. పక్క వాడకట్టు బామ్మర్ది చూసుకుంటాడు. కులపోళ్లు బయటికి పోరు. ఇక ఓడిపోవడానికి కారణమేముంది?

ఆ లెక్కే కారణం.

మొదటిసారి పోటీ చేసేవాళ్లలో చాలామందిని డబ్బు లేకపోవడం కన్నా, పార్టీ అండ లేకపోవడం కన్నా ముందు ఈ టీకొట్టు లెక్కే ముంచుతుంది. చప్పట్లు, దండలు, వాట్సాప్‌లో వచ్చే బొటనవేలి గుర్తులు అన్నీ కలిపి ఓట్లుగా రాసుకుంటాం. పెట్టె తెరిచాక “నా ఓట్లన్నీ ఏమైనయ్?” అని అడుగుతాం. ఎటూ పోలేదు, అవి మొదట్నుంచీ లేవు. వరంగల్ మీద ఏ జెండా ఎగురుతున్నా మీ లెక్కను మీరు నిజాయితీగా వేసుకోవడం ఎలాగో ఈ అధ్యాయంలో చూద్దాం.

1. గాలి లెక్క వేరు, గల్లీ లెక్క వేరు

“మా పార్టీ గాలి వీస్తోంది, నేను నిలబడితే చాలు” అనుకుంటున్నారా? అయితే మన హనుమకొండ కథ ఒకసారి గుర్తు చేసుకోండి.

1984 డిసెంబర్. ఇందిరాగాంధీ హత్య తర్వాత జరిగిన లోక్‌సభ ఎన్నికలు. దేశమంతా కాంగ్రెస్‌కు 400కు పైగా సీట్లొచ్చాయి. హనుమకొండలో ఆ పార్టీ అభ్యర్థి పి.వి. నరసింహారావు. మాజీ ముఖ్యమంత్రి, అప్పటికి కేంద్ర హోంమంత్రి, అదే సీటు నుంచి 1977లోనూ 1980లోనూ గెలిచినవారు. ఎదురుగా బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి. బీజేపీకి ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద వచ్చినవి రెండే సీట్లు. ఒకటి గుజరాత్‌లోని మెహసానా, రెండోది మన హనుమకొండ. పి.వి. 50 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు.

దేశంలో వీచిన గాలి ఇక్కడెందుకు వీయలేదు? ఎందుకంటే ఇక్కడ వేరే గాలి ఉంది. ఆ ఏడాది ఆగస్టులో ఎన్.టి. రామారావును ముఖ్యమంత్రి పదవి నుంచి దించేయడం, జనం రోడ్డెక్కడం, మళ్లీ ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టాల్సి రావడం అందరూ చూశారు. ఆ కోపం ఆంధ్రప్రదేశ్‌లో ఢిల్లీ సానుభూతిని మింగేసింది. జంగారెడ్డికి తెలుగుదేశం మద్దతు తోడైంది. పైగా ఆయన ఇక్కడ అంతకుముందే ఎమ్మెల్యేగా గెలిచిన మనిషి, ఊళ్లకు తెలిసిన ముఖం.

పి.వి. నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. ఆయన హనుమకొండ ఒక్కదాన్నే నమ్ముకోలేదు. మహారాష్ట్రలోని రాంటెక్‌లోనూ నామినేషన్ వేశారు, అక్కడ గెలిచి లోక్‌సభకు వెళ్లారు. తర్వాత ఏడేళ్లకు ప్రధానమంత్రి అయ్యారు. ‘ఓడిపోతే ఏంటి?’ అన్న ప్రశ్నను ముందే వేసుకున్నవారికి ఓటమి ఆఖరి పేజీ కాదు.

మీరు చేయాల్సింది: ఒక కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి మూడు గడులు చేయండి. దేశంలో ఏం నడుస్తోంది, రాష్ట్రంలో ఏం నడుస్తోంది, మీ డివిజన్‌లో ఏం నడుస్తోంది? మూడో గడి ఖాళీగా ఉంటే మీరింకా పోటీకి సిద్ధంగా లేరు.

2. పాత మెజారిటీలను చూసి మురిసిపోకండి, భయపడకండి

వరంగల్ లోక్‌సభ సీటునే చూడండి. 2015 ఉప ఎన్నికలో టీఆర్ఎస్ (తర్వాత బీఆర్ఎస్) అభ్యర్థి పసునూరి దయాకర్ 4,59,092 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. “ఇక ఈ సీటు వాళ్లదే” అనుకున్నవాళ్లు ఎందరో! 2024కు వచ్చేసరికి అదే సీటును కాంగ్రెస్ తరఫున కడియం కావ్య 2 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఒకప్పుడు అంత మెజారిటీ చూసిన పార్టీ మూడో స్థానంలో నిలిచింది.

పాలకుర్తి సంగతి చూడండి. 2023లో అక్కడ బీఆర్ఎస్ అభ్యర్థి ఎర్రబెల్లి దయాకర్ రావు. వర్ధన్నపేట నుంచి మూడుసార్లు, పాలకుర్తి నుంచి మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మంత్రి. ఆయన మీద నిలబడింది 26 ఏళ్ల యశస్విని రెడ్డి, ఆమెకదే మొదటి ఎన్నిక. 47 వేలకు పైగా ఓట్లతో ఆమే గెలిచారు.

దీన్నిబట్టి ‘కొత్తవాళ్లు ఎక్కడైనా గెలుస్తారు’ అనుకోకండి. గెలిచిన కొత్తముఖం ఒకటి మనకు గుర్తుంటుంది, డిపాజిట్ పోయిన యాభై కొత్తముఖాలు గుర్తుండవు. ఇందులోంచి తీసుకోవాల్సింది ఒక్కటే. పాత అంకె పోయినసారి ఓటరు మనసు చెబుతుంది, ఈసారిది చెప్పదు. ఈసారిది తెలుసుకోవాలంటే అడగాలి.

3. మీ గెలుపు అంకెను రాసుకోండి

“ఎన్ని ఓట్లొస్తే గెలుస్తారు?” అని అడిగితే చాలామంది అభ్యర్థులు “మంచి మెజారిటీ వస్తదన్నా” అంటారు. అది జవాబా?

ఇలా లెక్కేయండి. 2021 ఏప్రిల్ 30న గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌లో 66 డివిజన్లకు ఎన్నికలు జరిగినప్పుడు దాదాపు ఆరున్నర లక్షల ఓటర్లున్నారు. అంటే సగటున డివిజన్‌కు 10 వేలకు కాస్త అటూ ఇటూ. అది కరోనా రెండో విడత, ఓటేసింది దాదాపు సగం మంది. అంటే మీ డివిజన్‌లో పెట్టెలో పడేవి సుమారు 5 వేల ఓట్లు. ఇద్దరే గట్టి అభ్యర్థులుంటే గెలవడానికి 2,500 దాటాలి. ముగ్గురు గట్టివాళ్లు, ఇద్దరు రెబల్స్ ఉంటే 1,800కే గెలుపు రావచ్చు.

10 వేల మందిని మెప్పించాలంటే గుండె జారిపోతుంది. 1,800 మందిని, అంటే ఇంటికి ముగ్గురు చొప్పున 600 ఇళ్లను గెలవాలంటే? రోజుకు 20 ఇళ్లు తిరిగితే నెల రోజుల పని. అంకె రాసుకున్న క్షణం నుంచి భయం పనిగా మారుతుంది.

చిన్న తేడాలను చులకన చేయకండి. 2023లో చేవెళ్ల అసెంబ్లీ సీటు 268 ఓట్లతో తేలింది. మీ డివిజన్‌లో అది ఒక్క అపార్ట్‌మెంట్!

4. టిక్కు, ప్రశ్నార్థకం, ఇంటూ

ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. గడప దగ్గర మాట ఎలా నడుస్తుందో చూడండి.

“అమ్మా, ఈసారి ఓటు నాకే ఎయ్యాలె.”

“నీకేగాక ఎవలకేస్తం బిడ్డా. నీకే ఏస్తం తియ్యి.”

మీరు దండం పెట్టి బయటికొచ్చారు. వెంట ఉన్న పిల్లగాడు “ఈ ఇల్లు మనదే అన్నా, నాలుగోట్లు” అన్నాడు. మీరు లిస్టులో రాసుకున్నారు. ఆ అమ్మ పొద్దున వచ్చిన అభ్యర్థికీ అదే మాట చెప్పింది, సాయంత్రం వచ్చేవాళ్లకూ చెబుతుంది. ఆమె మోసం చేయడం లేదు. గడపకొచ్చిన మనిషిని నొప్పించకూడదన్నది మన మర్యాద. ఆ మర్యాదను ఓటుగా రాసుకోవడం మన తప్పు.

ఇప్పుడు మాటను కొంచెం పొడిగించండి.

“గది సరే అమ్మా, మన గల్లీల మీకు అన్నిటికన్న పెద్ద తిప్పలేంది?”

“ఏం జెప్పాలె బిడ్డా, వానొస్తె నాలా నీళ్లు ఇంట్లకొస్తయి. పోయినసారి గూడ మీ అసొంటోళ్లే అచ్చి అడిగి పోయిండ్రు.”

అసలు జవాబు ఇది. ‘పోయినసారి కూడా’ అన్న దాంట్లో ఆమె మిమ్మల్ని ఇంకా నమ్మలేదన్న సంగతి ఉంది. ఈ ఇంటికి పెట్టాల్సింది టిక్కు కాదు, ప్రశ్నార్థకం.

గుర్తులు ఇలా పెట్టండి:

టిక్కు: మీకోసం ఏదో ఒక పని చేసినవాళ్లకే. ఫోన్ నంబరు ఇచ్చి “పోలింగ్ రోజు గుర్తుచెయ్యి” అన్నవాళ్లు, “మా అక్కోళ్లింటికి గూడ తీస్కపోత దా” అన్నవాళ్లు, సాయంత్రం మీవెంట నాలుగిళ్లు తిరిగినవాళ్లు.

ప్రశ్నార్థకం: నవ్వి ఊరుకున్నవాళ్లు, “సూద్దాం” అన్నవాళ్లు, “నీకే ఏస్తం” అన్నవాళ్లు. అవును, ఆ చివరివాళ్లు కూడా.

ఇంటూ: ఎదుటి పార్టీ కండువా వేసుకున్నవాళ్లు. వీళ్లకూ నమస్కారం పెట్టండి. వాదనకు మాత్రం దిగకండి, ఆ పది నిమిషాల్లో మూడు ప్రశ్నార్థకాల దగ్గరికి వెళ్లవచ్చు.

వారానికోసారి టిక్కులు మాత్రమే లెక్కపెట్టండి. మీ గెలుపు అంకెకు ఎంత దూరంలో ఉన్నారో అదే చెబుతుంది. మొదటి వారం ఆ అంకె చూసి నీరసం రావచ్చు. ఫర్వాలేదు, చేదు అంకె ముందే తెలిస్తే ఇంకా టైం ఉంటుంది.

5. ఎవరింటికి ఎప్పుడు వెళ్లాలో తెలుసుకోండి

పొద్దున పదింటికి డప్పులతో బయల్దేరితే మీకు కనపడేది ఎవరు? ముసలివాళ్లు, చిన్నపిల్లలు, తాళం కప్పలు. ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లే హమాలీలు తెల్లారేసరికే ఇల్లు దాటుతారు. కాజీపేట రైల్వే ఇళ్లలో షిఫ్టు ఎప్పుడు అయిపోతే నిద్ర అప్పుడే. రాత్రి డ్యూటీ చేసొచ్చిన మనిషిని మైకుతో లేపితే ఓటొస్తుందా? కొత్తవాడలో దర్రీలు నేసేవాళ్ల దగ్గరికి వెళ్తే మగ్గం ఆపమనకండి, పక్కన కూర్చుని మాట్లాడండి. వాళ్ల కూలీ అయిన పనిమీద వస్తుంది.

ఇక హామీల సంగతి. ఏ పని ఎవరి చేతిలో ఉందో ముందు మీకు తెలియాలి. మురికి కాలువ, వీధి దీపం, చెత్త బండి, గల్లీ రోడ్డు కార్పొరేషన్ పనులు. పెన్షన్ రాష్ట్ర ప్రభుత్వానిది. కాజీపేట రైల్వే ఫ్యాక్టరీ కేంద్రానిది. కార్పొరేటర్‌గా నిలబడి కోచ్ ఫ్యాక్టరీ తెస్తానంటే ఎదురుగా నవ్వరు, మీరు వెళ్లాక నవ్వుతారు. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ నీళ్లలో మునిగిన కాలనీల్లో “వరంగల్‌ను సింగపూర్ చేస్తా” అంటే ఎవరికి కావాలి? “వానాకాలానికి ముందే ఈ నాలా పూడిక తీయించే పని నాది, తీసేదాకా ఇక్కడే నిలబడతా” అనండి. చిన్న హామీ, ఒకే హామీ, ఆ గల్లీకే చెందిన హామీ.

6. ప్రచారం కన్నా ముందు కాగితాలు

ఉత్సాహంలో అందరూ వాయిదా వేసే పని ఇదే. 2023లో పాలకుర్తిలో ముందు పోటీకి సిద్ధమైంది యశస్విని అత్త ఝాన్సీ రెడ్డి. పౌరసత్వం సమస్య అడ్డొచ్చింది, టికెట్ కోడలికి వచ్చింది. వాళ్లింట్లో ఇంకొకరు సిద్ధంగా ఉన్నారు. మీ ఇంట్లో ఉన్నారా?

ఇవి ఇప్పుడే చూసుకోండి:

అ. ఓటరు జాబితాలో మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఇంటి నంబరు సరిగ్గా ఉన్నాయా? కొత్తగా చేరడానికి ఫారం 6, తప్పులు దిద్దుకోవడానికి, చిరునామా మార్చుకోవడానికి ఫారం 8.

ఆ. వయసు నిండిందా? స్థానిక సంస్థలకు 21, అసెంబ్లీకి, లోక్‌సభకు 25.

ఇ. రిజర్వేషన్ మారితే ఏం చేస్తారు? గ్రేటర్ వరంగల్‌లో 2016లో 58 డివిజన్లుంటే 2021కి 66 అయ్యాయి. హద్దులు మారతాయి, మహిళా రిజర్వేషన్ రావచ్చు. మూడేళ్లు తిరిగిన డివిజన్ ఒక్క నోటిఫికేషన్‌తో చేజారవచ్చు. ఇంట్లో మహిళ పేరును ఆఖరి నిమిషంలో రాయించడం కన్నా, మొదటిరోజు నుంచే ఆమెను వెంట తిప్పండి, మాట్లాడనివ్వండి. గెలిచాక కుర్చీలో కూర్చోవాల్సింది కూడా ఆమే.

ఈ. కేసులు, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో దాచకండి. గెలిచాక కూడా కోర్టుకు లాగడానికి ఎదుటివాళ్లకు అదే దారి.

ఉ. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి అసెంబ్లీ నామినేషన్‌లో ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు. ఇండిపెండెంట్‌కు పదిమంది కావాలి. ఆ పదిమందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి.

7. పార్టీ టికెట్ ఖాయం చేసే బీ ఫారం రాకపోతే?

రాత్రి పదకొండు దాకా “నీకే” అన్న నాయకుడు పొద్దున ఫోన్ ఎత్తడు. మొదటిసారి పోటీ చేసేవాళ్లలో చాలామందికి ఈ రాత్రి వస్తుంది. అప్పుడు కోపంలో రెబల్‌గా దిగుతారు.

దిగొచ్చా? 2014లో నర్సంపేటలో దొంతి మాధవరెడ్డి ఇండిపెండెంట్‌గా నిలబడి ఎమ్మెల్యే అయ్యారు. దాన్ని చూపించి మిమ్మల్ని రెచ్చగొట్టేవాళ్లు చాలామంది ఉంటారు. 2021 గ్రేటర్ వరంగల్ ఫలితం కూడా పక్కనే పెట్టుకుని చూడండి. 66 డివిజన్లలో టీఆర్ఎస్‌కు 48, బీజేపీకి 10, కాంగ్రెస్‌కు 4. మిగిలినవాళ్లందరికీ కలిపి నాలుగే.

అందుకే ఆ రాత్రి మూడు ప్రశ్నలు వేసుకోండి. పార్టీ గుర్తు లేకపోయినా మీ టిక్కుల్లో ఎన్ని నిలుస్తాయి? పోయే డబ్బు మీదా, అప్పుదా? ఓడిపోతే పార్టీలో మళ్లీ తల ఎత్తుకుని తిరగగలరా? మూడింటికీ మంచి జవాబులుంటే దిగండి. ఒక్క దానికి లేకపోయినా ఉపసంహరణ గడువు దాకా ఆగి, కోపం చల్లారాక నిర్ణయించుకోండి. ఆ గడువు పెట్టింది ఇలాంటి రాత్రుల కోసమే.

8. డబ్బు గురించి సూటిగా

“పంచకపోతే గెలుస్తమా అన్నా?” ఈ ప్రశ్న మీ వెంట తిరిగేవాళ్లే ముందు అడుగుతారు. ఓటుకు డబ్బివ్వడం నేరం, తీసుకోవడమూ నేరం. రుజువైతే గెలిచిన సీటు కూడా పోతుంది. ఇక లాభనష్టాల లెక్క చూద్దాం. మీకన్నా డబ్బున్నవాడు పక్కన ఉన్నప్పుడు మీరు వంద ఇస్తే అతను ఐదువందలు ఇస్తాడు. ఓటరు రెండూ తీసుకుని తన ఇష్టమొచ్చినవాళ్లకు వేస్తాడు. గెలవలేని పోటీలోకి మీరెందుకు దిగాలి? మీరు గెలవగల పోటీ కాళ్లతో తిరిగేది, చెవులతో వినేది.

చట్టం పెట్టిన హద్దులు కూడా గుర్తుంచుకోండి. తెలంగాణలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు 40 లక్షలు దాటకూడదు. సర్పంచ్‌కు 5 వేలకు పైగా జనాభా ఉన్న ఊళ్లో రెండున్నర లక్షలు, అంతకు తక్కువైతే లక్షన్నర. ప్రచారం మొదలుకాక ముందే లెక్క రాయడానికి ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టండి. అసెంబ్లీ, లోక్‌సభ అభ్యర్థులు ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు అప్పజెప్పకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులయ్యే ప్రమాదం ఉంది.

ఖర్చు ఎక్కడ తగ్గించాలి? మొదట ఫ్లెక్సీల్లో. ఫ్లెక్సీలో మీ ముఖం పక్కన పదిమంది ముఖాలుంటే సంతోషించేది ఆ పదిమందే.

9. ఓటు వేయడం నేర్పండి

“చదువుకున్నోళ్లకు నేర్పాలా?” అనుకోకండి. 2021లో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో 71 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం దినపత్రికంత ఉంది. అంకెలతో ప్రాధాన్యం రాయాల్సిన చోట ఇంకేదో గీసి, తప్పుగా నింపి, 20 వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. వేసినవాళ్లంతా డిగ్రీలున్నవాళ్లే! అందుకే చివరి మూడు రోజులు ఉపన్యాసాలు తగ్గించి నమూనా బ్యాలెట్ పట్టుకుని తిరగండి. మన గుర్తు ఎన్నోది? ముద్ర ఎక్కడ వేయాలి? పోలింగ్ కేంద్రం ఎక్కడ? ఈ మూడు తెలియని టిక్కు ఓటుగా మారదు.

పోలింగ్ రోజు మీ ఏజెంట్ నిద్రలేచే టైం కూడా మీ బాధ్యతే. ఈవీఎం ఉన్న ఎన్నికలో పోలింగ్ మొదలవడానికి గంటన్నర ముందే, కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరుగుతుంది. పోలింగ్ ఏడింటికంటే ఏజెంట్ ఐదున్నరకు అక్కడుండాలి. సాయంత్రం ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసిన ఫారం 17సీ నకలు తీసుకున్నాకే బయటికి రావాలి. మధ్యాహ్నం రెండింటికల్లా ఎన్ని టిక్కులు ఓటేశాయో చూసి, మిగిలినవాళ్లకు ఫోన్లు చేయించండి. టిక్కు ఉన్న ఇళ్లకే, అందరికీ కాదు. అందరికీ చేస్తే ఎదుటివాళ్ల ఓటర్లను కూడా మీరే గుర్తుచేసి పంపినట్టవుతుంది!

తరచుగా చేసే నాలుగు తప్పులు

“మా కులం ఓట్లు మొత్తం నావే.” అదే కులం నుంచి ఇంకో ఇద్దరు నిలబడితే? కులం మిమ్మల్ని గడపదాకా తీసుకెళ్తుంది. ఆ తర్వాత మాట్లాడాల్సింది మీరే.

“సర్వే చేయించిన, గెలుస్తున్న.” ఎవరితో చేయించారు? మీ దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లు మీకు ఇష్టమైన జవాబే తెస్తారు. మీ పేరు చెప్పకుండా, పక్క డివిజన్ మనుషులతో అడిగించండి.

“పెద్ద మీటింగ్ పెడితే ఊపొస్తది.” వచ్చినవాళ్లలో మీ డివిజన్ ఓటర్లెందరు? వేదిక మీద నుంచి తలలు కనిపిస్తాయి, ఓటరు కార్డులు కనిపించవు.

“యువత అంతా మనవైపే.” కాకతీయ యూనివర్సిటీ చుట్టుపక్కల గదుల్లో ఉండే పిల్లల ఓటు చాలావరకు సొంత ఊళ్లోనే ఉంటుంది. సెల్ఫీ దిగే ముందు ఓటెక్కడుందో అడగండి.

ఫలితం వచ్చిన మర్నాడు

గెలిస్తే ప్రశ్నార్థకం ఇళ్లకు ముందు వెళ్లండి. ఓడితే టిక్కు ఇళ్లకు ముందు వెళ్లండి. ఓడినవాళ్లు తలుపులేసుకుని “ఎవడు ముంచిండు?” అని వెతుకుతారు. మీరు బూత్‌లవారీ ఓట్లను మీ టిక్కులతో పక్కపక్కన పెట్టుకోండి. ఏ బూత్‌లో 200 టిక్కులకు 180 వచ్చాయో అక్కడ మీ మనుషులు నిజం రాశారు. ఏ బూత్‌లో 200కు 60 వచ్చాయో అక్కడ మర్యాదను ఓట్లుగా రాశారు. వచ్చేసారి ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో ఆ కాగితమే చెబుతుంది.

ఈ వారం చేయాల్సిన పని చిన్నది. మీ డివిజన్ ఓటరు జాబితాలో ఒక్క బూత్ తీసుకోండి. మొదటి యాభై ఇళ్లకు వెళ్లండి. ఓటు అడగకండి. “మీకు పెద్ద తిప్పలేంది?” అని మాత్రమే అడిగి, గుర్తులు పెట్టుకుని రండి. యాభై ఇళ్లలో ఐదు టిక్కులు కూడా రాలేదా? మంచిదే. టీకొట్టు లెక్క తప్పని ఎన్నికకు ముందే తెలిసింది. యాభై ఒకటో ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.